కోనసీమలో గిటార్ మొదలుపెట్టాలంటే: ఏది కొనాలి, ఎలా నేర్చుకోవాలి?

రాజోలు నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారమండి. నేను స్కూలు టీచర్ని, వయసు ముప్పై దాటింది. చిన్నప్పుడు కర్ణాటక సంగీతం గీతాల దాకా నేర్చుకుని వదిలేశాను. పాత సినిమా పాటలు పాడుకుంటూ గిటార్ వాయించుకోవాలని ఇప్పుడు కోరిక పుట్టింది. స్టేజీలెక్కాలని కాదు, సాయంత్రం అరుగు మీద కూర్చుని నాకు నేను వాయించుకుంటే చాలు. ఎనిమిది వేల దాకా పెట్టగలను. ఆన్‌లైన్‌లో మూడు వేల నుంచీ దొరుకుతున్నాయి, ఏది చూసినా రేటింగు బ్రహ్మాండంగానే ఉంది. నా వేళ్లు చిన్నవి. మా ఊళ్లో నేర్పేవాళ్లు లేరు. ఈ వయసులో వేళ్లు వంగుతాయా అని మా ఆయన ఎగతాళి. ఏది కొనమంటారు?

తణుకు నుంచి

నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ తీసుకోండి మేడమ్. వేళ్లు నొప్పి పుట్టవు.

భీమవరం నుంచి

తణుకు అన్నయ్య చెప్పిందాంట్లో సగం నిజం ఉందండి. నైలాన్ తీగ మెత్తగానే ఉంటుంది. కానీ క్లాసికల్ గిటార్ మెడ వెడల్పు. తీగలు మొదలయ్యే చోట సుమారు 52 మిల్లీమీటర్లు ఉంటుంది, స్టీలు తీగల మామూలు అకౌస్టిక్‌కి 43 దగ్గర. వేళ్లు చిన్నవంటున్నారు కాబట్టి ఆ వెడల్పు మీకు ఇబ్బందే. పైగా సినిమా పాటలకి మనం వినే ఆ గలగల స్టీలు తీగల నుంచే వస్తుంది. ఒకవేళ క్లాసికలే కొంటే దానికి స్టీలు తీగలు మాత్రం ఎక్కించకండి. వాటి లాగుడు దాదాపు రెట్టింపు, బాడీ మీద తీగలు కట్టే బ్రిడ్జి ఊడొచ్చేస్తుంది.

మీకు నప్పేది చిన్న బాడీ అకౌస్టిక్. షాపుల్లో 38 అంగుళాలది అంటారు. 41 అంగుళాల పెద్దది ఒళ్లో పెట్టుకుంటే కుడి భుజం పైకి లేచిపోతుంది, అరగంటకే మెడ పట్టేస్తుంది. యమహా ఎఫ్310 మంచిదని అందరూ చెబుతారు, మంచిదే, కాకపోతే పెద్ద బాడీ, మీ బడ్జెట్ కూడా దాటొచ్చు.

బ్రాండు, రంగు, బొమ్మలు అన్నీ తర్వాతండి. ముందు చూడాల్సింది తీగ ఎత్తు. యాక్షన్ అంటారు. మెడ మీద అడ్డంగా బిగించిన లోహపు కడ్డీలే ఫ్రెట్లు. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగు దాకా ఎంత ఖాళీ ఉందో కొలవాలి. లావు తీగ దగ్గర 2.5 మిల్లీమీటర్లు, సన్న తీగ దగ్గర 2 లోపు ఉంటే హాయి. 3 దాటిందా, ఆ గిటార్ మిమ్మల్ని నెల తిరక్కుండా అటకెక్కించేస్తుంది, అదీ మీతో పాటే ఎక్కుతుంది. చాలామంది "నాకు సంగీతం రాసిపెట్టి లేదు" అని మానేస్తారు గానీ, అసలు దోషం ఆ ఒక్క మిల్లీమీటర్‌దే.

కొలవడానికి పిల్లల ప్లాస్టిక్ స్కేలు పనికిరాదు, సున్నాకి ముందు కాస్త ఖాళీ అంచు ఉంటుంది. అంచు నుంచే గీతలు మొదలయ్యే స్టీలు స్కేలు పట్టుకెళ్లండి.

అందుకే మొదటి గిటార్ ఆన్‌లైన్‌లో వద్దంటాను. రాజమండ్రి గానీ కాకినాడ గానీ వెళ్లి చేత్తో పట్టుకుని చూసి కొనండి. శ్రుతి చేయించాకే కొలవండి, తీగలు వదులుగా ఉన్నప్పుడు కొలిస్తే లెక్క తప్పుతుంది. ఆరు తీగల మీదా ఒక్కో ఫ్రెట్ నొక్కి మీటించండి, ఎక్కడైనా జర్రుమంటే వదిలేయండి. ఎవరైనా హాస్టల్ పిల్లలు కోర్సు అయిపోయి సెకండ్‌హ్యాండ్‌లో అమ్ముతుంటే అదీ మంచి బేరమే, ఇవే పరీక్షలు చేసుకోండి.

యానాం నుంచి

ఒకటి చేర్చాలండి. మన వైపు గాలి సంగతి. గిటార్ కర్రకి గాల్లో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిదంటారు. వానాకాలంలో మన దగ్గర 80 దాటడం మామూలే. కర్ర తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, పై పలక బ్రిడ్జి దగ్గర పొట్టలా లేస్తుంది, దాంతో తీగ ఎత్తు పెరుగుతుంది. ఎండాకాలంలో సరిగ్గా ఉన్న గిటార్ శ్రావణంలో చేతికి గట్టిగా తగలడానికి కారణం ఇదే.

సాలిడ్ టాప్, అంటే పొరలు లేని అసలు చెక్క పై పలక, బాగా మోగుతుందని షాపులో చెబుతారు. మోగుతుంది. కానీ ఏసీ లేని ఇంట్లో, కాలవ గట్టు పక్కన ఉండేవాళ్లకి లామినేట్ పలకే మేలని నా అభిప్రాయం. పొరలు అంటించిన చెక్క కాబట్టి తేమకి అంతగా కదలదు. ధర కూడా తక్కువ.

గోడకి కొక్కెం పెట్టి తగిలించకండి, ముఖ్యంగా వానకి చెమ్మెక్కే గోడకి. సంచిలో పెట్టి, రెండు మూడు సిలికా జెల్ ప్యాకెట్లు పడేసి, గది లోపలి గోడకి ఆనించి పెట్టండి. మేలో కారు డిక్కీలో వదిలేస్తే జిగురు కరిగి బ్రిడ్జి లేచిపోతుంది. తీగలు మాత్రం మన ఉప్పు గాలికి తుప్పు పట్టి తీరతాయి. వాయించడం అయ్యాక పొడి గుడ్డతో తీగ అడుగు వైపు కూడా తుడిస్తే ఇంకొన్నాళ్లు వస్తాయి. వేలికి గరుకు తగిలినా, చేతికి నల్లగా అంటుకున్నా మార్చేయడమే. కొత్తవి వేసేటప్పుడు ఎక్స్‌ట్రా లైట్, అంటే సన్నగా ఉండే పది గేజ్ సెట్టు అడగండి.

పాలకొల్లు నుంచి

నేను వయొలిన్ వాడినండి, గిటార్ మా అబ్బాయిది. మీకు గీతాల దాకా వచ్చంటే సగం పని అయిపోయినట్టే. ఒకే తీగ మీద పన్నెండు ఫ్రెట్లు ఎక్కితే పై షడ్జమం వస్తుంది, అవి మన పన్నెండు స్వరస్థానాలే. వాళ్లు మేజర్ స్కేల్ అనేది మన శంకరాభరణం స్వరాలు. సరళీ స్వరాలు మాయామాళవగౌళలో కాకుండా శంకరాభరణంలో పాడుకుంటూ వాయించండి, వేళ్లకీ చెవికీ ఒకేసారి సాధన అవుతుంది.

శ్రుతికి కేపో అని ఒక బిగింపు దొరుకుతుంది, కొనండి. కార్డు అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగేలా వేళ్లు పెట్టే పట్టు. జి కార్డు ఆధారంగా వాయిస్తే ఐదు శ్రుతి. ఒకటో ఫ్రెట్ మీద కేపో బిగించి అవే వేళ్లు పెడితే ఐదున్నర. ఆడవాళ్ల గొంతుకి ఎక్కువగా సరిపడేది ఆ చుట్టుపక్కలే.

గమకాలు మాత్రం అకౌస్టిక్ మీద ఆశించకండి, నాదం తొందరగా చచ్చిపోతుంది. 1969లో మా ఊళ్లోనే పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ వాడింది ఊరికే కాదు, గమకం సాగాలంటే నాదం నిలవాలి. మీకు కావాల్సింది పాటకి తోడు కాబట్టి ఇబ్బంది లేదు.

రాజోలు నుంచి

అందరికీ ధన్యవాదాలండి. కొన్నాక మొదటి నెల ఏం చెయ్యాలి? యూట్యూబ్‌లో చూస్తే ఒక్కొక్కరిదీ ఒక్కో దారి, బుర్ర తిరుగుతోంది.

భీమవరం నుంచి

ఒక్క ఛానెల్ పట్టుకుని మిగతావి కట్టేయండి. ముందు శ్రుతి చెయ్యడం నేర్చుకోండి. లావు తీగ నుంచి ఇ, ఎ, డి, జి, బి, ఇ. ఫోన్‌లో ట్యూనర్ యాప్ చాలు. సన్న తీగ బిగించేటప్పుడు మీటుతూ కొంచెం కొంచెంగా తిప్పండి. అది ఇ దాటిపోయినా చూసుకోక తిప్పుతూ పోతే ఠప్పున తెగుతుంది.

కార్డుల్లో మొదట ఇ మైనర్. ఐదో తీగ, నాలుగో తీగ, రెండూ రెండో ఫ్రెట్‌లో నొక్కితే అయిపోయింది. తర్వాత ఎ మైనర్, సి జంటగా. ఎ మైనర్‌లో చూపుడు వేలు రెండో తీగ ఒకటో ఫ్రెట్, మధ్య వేలు నాలుగో తీగ రెండో ఫ్రెట్, ఉంగరం వేలు మూడో తీగ రెండో ఫ్రెట్. ఇందులోంచి సికి వెళ్లడానికి ఉంగరం వేలు ఒక్కటే లేచి ఐదో తీగ మూడో ఫ్రెట్‌కి వెళ్తుంది. మిగతా రెండు వేళ్లు కదలకూడదు. ఈ మార్పిడి టైమర్ పెట్టి నిమిషానికి ఎన్నిసార్లు శుభ్రంగా వస్తుందో లెక్కపెట్టండి. ఆ తర్వాత జి, డి. ఎఫ్ జోలికి ఇప్పుడే పోకండి.

వేలు ఫ్రెట్ కడ్డీని ఆనుకునేంత దగ్గరగా, దాని వెనకే పెట్టాలి. రెండు ఫ్రెట్ల మధ్యలో పెడితే ఎక్కువ బలం కావాలి, అయినా జర్రుమంటుంది. ఎడమ చేతి గోళ్లు పొట్టిగా కత్తిరించుకోవాలి, తప్పదు.

కుడి చేతికి ఆది తాళం వెయ్యండి, అక్షరానికి ఒక కిందికి దెబ్బ. ఎడమ చెయ్యి కార్డు అందుకోలేకపోయినా కుడి చెయ్యి ఆగకూడదు. తాళం వేసిన అలవాటుంది కాబట్టి మాలాంటివాళ్ల కంటే మీకే సులువు.

రోజూ ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం మూడు గంటలు కూర్చుంటే వేళ్లు బొబ్బలెక్కి బుధవారం దాకా ముట్టుకోలేరు. రెండు మూడు వారాలకి చివళ్లు గట్టిపడతాయి. నేర్పేవాళ్లు లేరన్నారు, మీ చుట్టుపక్కల ఏ చర్చిలోనైనా గిటార్ పట్టిన కుర్రాడు ఉంటాడు, నెలకోసారి చేతులు చూపించుకోండి.

రాజోలు నుంచి

కాకినాడలో ఒక 38 అంగుళాలది నచ్చిందండి, ధర ఐదున్నర వేలు. అన్నీ బాగున్నాయి గానీ లావు తీగ దగ్గర స్కేలు 3 మిల్లీమీటర్లు చూపిస్తోంది. షాపాయన "వాడగా వాడగా సర్దుకుంటుంది" అంటున్నారు.

భీమవరం నుంచి

సర్దుకోదండి, మన తేమకి ఇంకా పెరుగుతుంది. అయినా గిటార్ వదులుకోనక్కర్లేదు. బ్రిడ్జి మీద తీగలు ఆనే తెల్ల ముక్క ఉంటుంది, శాడిల్. దాన్ని బయటికి తీసి అడుగు వైపు ఎమరీ పేపర్ మీద రుద్ది తగ్గించాలి. శాడిల్ 1 మిల్లీమీటర్ తగ్గితే పన్నెండో ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరే తగ్గుతుంది, మీకు సరిగ్గా అంతే కావాలి. అడుగు సమంగా రాకపోతే నాదం పోతుంది, కాబట్టి మీరు చెయ్యకుండా డబ్బు కట్టేముందే వాళ్ల చేత చేయించండి. తెలిసినవాళ్లకి కాసేపట్లో అయిపోయే పని. చేస్తానంటే బిల్లులో ఒక బ్యాగూ కేపో కూడా కలపమని అడిగి తీసుకోండి. చెయ్యనంటే రాజమండ్రి చూడండి.