టాప్స్ సిరీస్ 1 బాక్సులు: సరదానా, జూదమా?

యాష్‌బర్న్ నాన్న
అందరికీ నమస్కారం. ఇంట్లో తేలని గొడవ ఒకటి ఇక్కడ పెడుతున్నా. మావాడికి పదేళ్లు. పోయిన ఏడాది నుంచి బేస్‌బాల్ పిచ్చి పట్టింది, వాషింగ్టన్ నేషనల్స్ అంటే ప్రాణం. ఫిబ్రవరిలో టాప్స్ కంపెనీ వేసే బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మల కార్డులు, 2025 సిరీస్ 1, రాగానే రెండు హాబీ బాక్సులు (కార్డులు సేకరించేవాళ్ల కోసం అమ్మే పెట్టెలు) తెచ్చా. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: కొత్త సీజన్‌కి ముందు ఫిబ్రవరిలో సిరీస్ 1, జూన్‌లో సిరీస్ 2, సీజన్ ముగిసే వేళకి అప్‌డేట్ అనే మూడో విడత వస్తాయి. సిరీస్ 1లో 350 కార్డులు. హాబీ బాక్సులో 20 ప్యాకెట్లు, ప్యాకెట్‌కి 12 కార్డులు. బాక్సుకి ఒక ఆటోగ్రాఫ్ కార్డో, జెర్సీ ముక్క అతికించిన కార్డో ఖాయం. మిగతాది మన అదృష్టం. ఈసారి మా జట్టు కుర్రాళ్లు జేమ్స్ వుడ్, డిలన్ క్రూస్ ఇద్దరి రూకీ కార్డులూ (కొత్త ఆటగాడి మొదటి కార్డులు) ఇందులోనే ఉన్నాయి. అందుకని ఆ తర్వాత ఇంకో మూడు బాక్సులు కొన్నా.

"ఇవీ ముక్కలే కదా, పేకాటకి ఇదేం తక్కువ?" అంటోంది మా ఆవిడ. మీరేమంటారు?

లెక్కల మాష్టారు
మీ ఆవిడగారు చెప్పింది అక్షరాలా నిజం. బాక్సులో ఉండేవి 240 కార్డులు. ఒక్కటి కూడా రెండోసారి రాకపోయినా 350 సెట్టు ఒక బాక్సుతో పూర్తి కాదు. మీరు ఐదు బాక్సులు తెచ్చారు, అంటే 1200 కార్డులు. జేమ్స్ వుడ్ మామూలు రూకీ కార్డు విడిగా కొద్ది డాలర్లకే దొరుకుతుంది. సెట్టే కావాలనుకుంటే కొన్నాళ్లు ఆగండి, రెండు సిరీస్‌లూ కలిపి 700 కార్డులు ఒకే పెట్టెలో పెట్టి అమ్ముతారు. ఈ రెండు దారులూ వదిలేసి బాక్సులు కొంటున్నారంటే మీరు డబ్బు పోసేది ప్యాకెట్ చింపేటప్పటి గుండెదడకే.

కాకినాడ కాజా
గుండెదడకి డాక్టరు దగ్గర ఇంతకంటే ఎక్కువ బిల్లవుతుంది మాష్టారూ 😀

పాత అట్టపెట్టె
మాష్టారూ, జూదంలో ఓడినవాడు ఉత్త చేతులతో ఇంటికొస్తాడు. ఇక్కడ 240 కార్డులతో వస్తాడు. ఈ వాదన కోర్టుల్లో ఎప్పుడో నలిగింది. 1990ల్లో కొంతమంది కొనుగోలుదారులు కార్డు కంపెనీల మీద కేసులు వేశారు, అరుదైన కార్డు ఆశ చూపించి పిల్లల చేత జూదం ఆడిస్తున్నారని. 2002లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు కొట్టేసింది. డబ్బిచ్చారు, కార్డులు తీసుకున్నారు, ఇక మీకు జరిగిన నష్టమేంటని.

లెక్కల మాష్టారు
పప్పులో కాలేశారు. అది జూదం కాదని కోర్టు చెప్పలేదు. కావలసిన కార్డు రాకపోవడం, వాళ్లు కేసు వేసిన చట్టం కింద ఆస్తి నష్టం కాదని మాత్రమే చెప్పింది. రెండింటికీ తేడా ఉంది.

ప్యాకెట్ వెనక చీమ తలకాయంత అక్షరాలతో ఏ కార్డు ఎన్ని ప్యాకెట్లకి ఒకటో వేస్తారు, చూశారా? ఉదాహరణకి 1:20 అని ఉందనుకుందాం. బాక్సులో 20 ప్యాకెట్లు ఉన్నాయి కదా, ఒకటి వచ్చి తీరుతుందని జనం నమ్ముతారు. లెక్క కట్టండి. ఒక్కో ప్యాకెట్‌లో రాకపోవడానికి 95 శాతం అవకాశం. దాన్ని ఇరవైసార్లు గుణిస్తే దాదాపు 36 శాతం. నూరు బాక్సులు విప్పితే 36 బాక్సుల్లో ఆ కార్డు ఉండనే ఉండదు.

పాత అట్టపెట్టె
మీది పాచికల లెక్క. కార్డుల్ని మిషన్ ఒక వరుసలో పేరుస్తుంది. అరుదైనవి ఒకేచోట కుప్ప పడకుండా సర్దుతుంది. ఒక ప్యాకెట్‌కీ పక్క ప్యాకెట్‌కీ సంబంధం లేదన్నట్టు మీరు గుణించుకుంటూ పోతే ఎలా? నేను విప్పినన్ని బాక్సులు మీరు చూసి కూడా ఉండరు.

లెక్కల మాష్టారు
బాక్సుకి ఒకటి ఖాయమైతే ఆ ఆటోగ్రాఫ్ కార్డు సంగతి రాసినట్టే దీన్ని కూడా బాక్సు మీద పెద్ద అక్షరాలతో రాసేవారు. రాయలేదు. నిష్పత్తి ఇచ్చి వదిలేశారు. ఎందుకో ఆలోచించండి.

పాత అట్టపెట్టె
పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటే నేనేం చెప్పను.

పెన్ హిల్స్ పంతులు
మధ్యలో వస్తున్నా, ఏమీ అనుకోకండి. మా పిట్స్‌బర్గ్‌లో అందరి నోటా ఒకటే మాట, మా బేస్‌బాల్ జట్టు పైరేట్స్‌లో బంతి విసిరే పాల్ స్కీన్స్ కార్డు. మొదటి మ్యాచ్‌లో వేసుకున్న జెర్సీ మీది ప్యాచ్‌ని కోసి కార్డులో పెట్టి సంతకం చేయించారు. ప్రపంచం మొత్తానికి ఒక్కటే. లాస్ ఏంజిలెస్ వైపు 11 ఏళ్ల పిల్లాడికి క్రిస్మస్ కానుకగా ఇచ్చిన ప్యాకెట్లలో వచ్చింది. మా పైరేట్స్ వాళ్లు 30 ఏళ్లపాటు సీజన్ టికెట్లు ఇస్తామన్నా ఇవ్వలేదు. మార్చిలో వేలం వేస్తే 11 లక్షల డాలర్లు దాటింది. ఆ పిల్లాడిది జూదమా మరి?

లెక్కల మాష్టారు
లాటరీ తగిలినవాడి ఫొటో పేపర్లో వేస్తారు. తగలనివాళ్ల ఫొటోలు వెయ్యాలంటే ఏ పేపరూ చాలదు.

పెన్ హిల్స్ పంతులు
అది నిజమే అనుకోండి. అయినా 30 ఏళ్ల టికెట్లు వదులుకున్నాడండీ! హోమ్ ప్లేట్ వెనక, బ్యాటింగ్ చేసే చోటికి దగ్గరి సీట్లు!

యాష్‌బర్న్ నాన్న
మీరందరూ కోర్టుల్లోకీ గుణకారాల్లోకీ వెళ్లిపోయారు. నా బాధ చెబుతా వినండి. నిన్న రాత్రి పదకొండింటికి ఐదో బాక్సు విప్పితే మొదటి ఏడు ప్యాకెట్లలో పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఎనిమిదో దాంట్లో జేమ్స్ వుడ్ గోల్డ్! 2001 నుంచీ గోల్డ్ కార్డులు ఆ ఏడాది అంకె ఎంతో అన్నే వేస్తారు కదా, ఇది ఆ 2025 కార్డుల్లో ఒకటి. అంచులు బాగున్నాయి, బొమ్మ మధ్యలోకి సరిగ్గా కూర్చుంది. కార్డుల నాణ్యతకి మార్కులేసే పీఎస్ఏ కంపెనీకి పంపితే పదికి 10 రావచ్చు అనిపిస్తోంది. ఇంత ఆనందాన్ని పట్టుకుని జూదం అంటే మనసు ఒప్పుకోవట్లేదు.

పాత అట్టపెట్టె
శుభాకాంక్షలు తమ్ముడూ! వెంటనే స్లీవ్‌లో పెట్టి గట్టి ప్లాస్టిక్ కవర్లోకి దించు. చేత్తో తాకొద్దు.

లెక్కల మాష్టారు
ఐదు బాక్సులకి ఐదు వందల దాకా అయ్యుంటుంది. ఆ గోల్డ్ కార్డు ధర అందులోంచి తీసేసి మిగతాది ఎంతో మీరే చెప్పండి. పీఎస్ఏ ఫీజు కూడా కలపండి.

ఫ్రిస్కో అమ్మ
నాకో చిన్న సందేహం. పదేళ్ల పిల్లాడు రాత్రి పదకొండింటికి మేలుకుని ఉన్నాడా?

యాష్‌బర్న్ నాన్న
లేదండీ, పడుకున్నాడు. స్కూలుంది కదా.

ఫ్రిస్కో అమ్మ
అయితే ప్యాకెట్లు చింపేది ఎవరు?

కాకినాడ కాజా
అయ్యబాబోయ్.

పాత అట్టపెట్టె
అమ్మా, అసలు చర్చ అది కాదు. జూదమా కాదా అన్నది కదా విషయం. నా సంగతి చెబుతా. 1989లో చదువుకోవడానికి క్లీవ్‌లాండ్ వచ్చా. అప్పట్లో టాప్స్ ప్యాకెట్‌లో ఇంకా బబుల్‌గమ్ ముక్క ఉండేది. దాన్ని ఆనుకున్న కార్డు మీద గులాబీ మరక పడేది. చిన్నప్పుడు మా ఊళ్లో బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెటర్ల బొమ్మల కోసం కొట్టుకున్నవాణ్ణి కదా, ఆ వాసన తగలగానే ప్రాణం లేచొచ్చింది. 1990 సెట్టు 792 కార్డులు, రంగురంగుల అంచులు. అందులో ఫ్రాంక్ థామస్ కార్డు కొన్నింటి మీద పేరు అచ్చుకాలేదు. దాని కోసం ఎన్ని పెట్టెలు తిరగేశానో నాకే తెలియదు. దొరకలేదు. పుట్టబోయే పిల్లల కాలేజీ ఖర్చుకి పనికొస్తాయని 14 బాక్సులు విప్పకుండా దాచా. అందరూ అలాగే దాచారు, కంపెనీలు కూడా లెక్కాపత్రం లేకుండా అచ్చేశాయి. ఇప్పుడవి గ్యారేజీలో ఉన్నాయి. ఎవరికైనా ఊరికే ఇస్తానన్నా మా అబ్బాయి కూడా తీసుకోవట్లేదు. ఈ ఏడాది సిరీస్ 1లో 35 ఏళ్లయిందని ఆ 1990 డిజైన్‌తోనే మళ్లీ కార్డులు వేశారు. చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయినా ఒక్కరోజు కూడా జూదం ఆడాను అనుకోలేదు.

లెక్కల మాష్టారు
కాలేజీ ఖర్చుకి దాచానని మీరే అంటున్నారు, జూదం కాదని మీరే అంటున్నారు. కార్డుల మీద అంత ప్రేమ ఉన్నవాళ్లు విప్పి చూసుకునేవారు.

పాత అట్టపెట్టె
చూడవయ్యా, 35 ఏళ్లుగా సేకరిస్తున్నవాడితో మాట్లాడుతున్నావు. నీ దగ్గర ఎన్ని కార్డులున్నాయి? ఒక్కటైనా ఉందా? కార్డు పట్టుకోవడం రానివాడు ఇక్కడికొచ్చి 36 శాతం అంటూ పాఠాలు!

లెక్కల మాష్టారు
"నువ్వు" దాకా వచ్చారా? సరే. నా దగ్గర కార్డులు లేవు, అప్పు పత్రం ఉంది. మా బావమరిది బ్రేకుల్లో పడ్డాడు. అదేంటో తెలియనివాళ్లకి: ఎవరో వీడియోలో పెట్టెలకి పెట్టెలు విప్పుతారు, మనం ఒక్కో జట్టుకి ముందే డబ్బు కడతాం, ఆ జట్టు కార్డులొస్తే మనవి, రాకపోతే ఏమీ లేదు. మీరన్న 240 కార్డులు కూడా మిగలవు. అర్ధరాత్రి బాత్రూంలో కూర్చుని ఫోన్లో చూసేవాడు. నా దగ్గర నాలుగు వేల డాలర్లు ఇంటి అడ్వాన్సుకని తీసుకున్నాడు. ఏ ఇల్లూ లేదు. మా చెల్లెలికి ఇప్పటికీ పూర్తిగా తెలియదు. అందుకే "రాత్రి పదకొండింటికి" అన్న మాట చూడగానే నాకు ఒళ్లు మండింది.

పెన్ హిల్స్ పంతులు
అయ్యో.

పాత అట్టపెట్టె
బ్రేకు వేరు, బాక్సు వేరు. ఆ సంగతి మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. నేను మాట తూలాను, పట్టించుకోకండి. కానీ బాక్సు వేరు.

ఫ్రిస్కో అమ్మ
మీరిద్దరూ ఒక నిమిషం ఆగితే నా ప్రశ్నకి జవాబు వింటాను. మా ఊళ్లో కిరాణా కొట్టు గోడకి లాటరీ అట్ట వేలాడేది. చీటీ చింపితే లోపల అంకె, దానికి తగ్గ బహుమతి. పైన కట్టిన పెద్ద బొమ్మ కోసం ఊళ్లో పిల్లలందరం చింపేవాళ్లం. పెద్ద బహుమతి చీటీని కొట్టువాడు ముందే తీసి దాచాడని తర్వాత తెలిసింది. యాష్‌బర్న్ గారూ, మీ ఇంట్లో ఆ గోల్డ్ కార్డు ఎక్కడుంది?

యాష్‌బర్న్ నాన్న
నా బల్ల సొరుగులో.

తాళం వేశాను.

చెప్పేస్తా. మొదటి రెండు బాక్సులే ఇద్దరం కలిసి విప్పాం. వాడు ప్యాకెట్ చింపేటప్పుడు కార్డుల్ని వంచేస్తాడు, చిప్స్ తిన్న చేతులతో పట్టుకుంటాడు. ఒక క్రూస్ కార్డు మూల నలిగిపోయింది, నేను అరిచాను. అప్పట్నుంచీ రాత్రిళ్లు నేనే విప్పి, ఖరీదైనవి పక్కన పెట్టి, మిగతావి పొద్దున వాడి టేబుల్ మీద పెడుతున్నా. వాడు వాటిని అంకెల వారీగా ఆల్బమ్‌లో పెడతాడు, పేజీకి తొమ్మిది జేబులు. మొన్న ఒక జేబు చూపించి "నాన్నా, నాలుగు బాక్సుల్లో ఒక్క జేమ్స్ వుడ్ కూడా రాలేదేంటి?" అన్నాడు. మామూలు వుడ్ కార్డులు మూడు నా సొరుగులో ఉన్నాయి. వాటిలో ఏది బాగుందో తేలాక పంపుదామని ఉంచా. "అదృష్టం, నాన్నా" అని చెప్పా.

కాకినాడ కాజా
జోకులు రావట్లేదు గురువుగారూ.

పాత అట్టపెట్టె
తమ్ముడూ, పిల్లల చేతిలో పెడితే కార్డు విలువ పోతుంది, ఆ మాట నిజం. 1952లో వేసిన, ఆనాటి స్టార్ ఆటగాడు మికీ మాంటిల్ కార్డులు అమ్ముడుపోక 1960లో పడవలో తీసుకెళ్లి అట్లాంటిక్‌లో పారేశామని టాప్స్‌లో పనిచేసిన సై బర్గర్ చెప్పేవాడు. మిగిలినవాటిలో కొన్నింటిని పిల్లలు సైకిల్ చక్రాలకి పెట్టి నాశనం చేశారు. అందుకే 2022లో ఒకటి కోటీ 26 లక్షల డాలర్లు పలికింది.

ఫ్రిస్కో అమ్మ
అన్నగారూ, ఆ సైకిల్ పిల్లలు కార్డుల్ని తమవి అనుకున్నారు. అందుకే చక్రాలకి పెట్టుకున్నారు. ఈ పిల్లాడు తన దురదృష్టం అనుకుని ఖాళీ జేబు చూసుకుంటున్నాడు. మీ 36 శాతంలో తను ఉన్నాననుకుంటున్నాడు పాపం. యాష్‌బర్న్ గారూ, ఆ బాక్సులు మీ కోసం కొనుక్కుంటున్నారా, కొనుక్కోండి, తప్పేం లేదు. పిల్లాడి పేరు మీద మాత్రం కొనకండి.

పాత అట్టపెట్టె
(రాసి తుడిచేశాను.) మా అబ్బాయి ఎందుకు తీసుకోవట్లేదో ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. చిన్నప్పుడు వాడు ఆ గ్యారేజీ పెట్టెల దగ్గరికి వస్తే "తాకొద్దు" అనేవాణ్ణి.

యాష్‌బర్న్ నాన్న
రెండు రోజులు ఆలస్యంగా రాస్తున్నా. శనివారం సొరుగు తాళం తీసి అన్నీ వాడి ముందు పెట్టా. గోల్డ్ చూసి ఎగురుతాడనుకున్నా. మూడు మామూలు వుడ్‌లలో ఒకటి తీసుకుని ఆల్బమ్ జేబులో పెట్టి, "ఇది ఎప్పట్నుంచి నీ దగ్గరుంది?" అన్నాడు. "మార్చి నుంచి" అన్నా. ఇంకేం మాట్లాడలేదు. గోల్డ్ నన్నే ఉంచుకోమన్నాడు. సిరీస్ 2 బాక్సు వద్దట, చిన్న ప్యాకెట్లు రెండు చాలట, తనే చింపుతాడట.

మా ఆవిడకి ఈ చర్చ మొత్తం చదివి వినిపించా. చివరిదాకా విని "నేను పేకాట అన్నది నిన్ను, వాణ్ణి కాదు" అంది.

లెక్కల మాష్టారు
మంచి పని చేశారు. రెండు ప్యాకెట్లే కాబట్టి చెబుతున్నా, 1:20 కార్డు రాకపోవడానికి 90 శాతం పైనే అవకాశం. పిల్లాడికి ముందే చెప్పి ఉంచండి.

పాత అట్టపెట్టె
మళ్లీ మొదలెట్టారా? ఆ రెండూ ఒకే పెట్టెలో పక్కపక్కన ఉన్న ప్యాకెట్లయితే మీ లెక్క చెల్లదు.