కార్మికుడికి కౌన్సెలింగ్ ముందా, షిఫ్టు చార్టు ముందా?

గాజువాక ఆపరేటర్:
పోయిన నెల మా కంపెనీలో టెన్షన్ తగ్గించుకోవడం మీద క్లాసు పెట్టారు. వచ్చిన డాక్టరమ్మ బాగా చెప్పారు, ఆవిడతో నాకు పేచీ లేదు. కానీ అది పెట్టింది పొద్దున్న ఆరున్నరకి, నైట్ దిగినవాళ్లకి. నిద్ర ఎంత ముఖ్యమో వింటూ సగం మంది కూర్చున్నచోటే తూగిపోయారు, చూస్తే ఏడుపొచ్చింది. నేననేది ఒక్కటే, ముందు షిఫ్టు చార్టు మార్చండి. మాకు నైట్ అయ్యాక మధ్యాహ్నం మొదలయ్యే సెకండ్, ఆ తర్వాత పొద్దున్న మొదలయ్యే ఫస్ట్, అంటే వెనక్కి తిరుగుతుంది. అదే ఫస్ట్, సెకండ్, నైట్ అని ముందుకు తిప్పితే ఒళ్లు తేలిగ్గా సర్దుకుంటుంది, ఎందుకంటే త్వరగా పడుకోవడం కన్నా ఆలస్యంగా పడుకోవడమే చాలామందికి సులువు. దీనికి పెద్ద ఖర్చేం లేదు.

ఆటోనగర్ యూనిట్ ఓనర్:
తమ్ముడూ, నాది నలభై మంది పనిచేసే యూనిట్. శుక్రవారం ఆర్డరొస్తే సోమవారానికి సరుకు ఇవ్వాలి, ఇద్దరు రాకపోతే ఏ చార్టూ నిలవదు. ఇంకోటి, అప్పులూ తాగుడూ ఇంటి గొడవలూ గేటు లోపల పుట్టినవి కావు. అలాంటివాళ్లకి మాట్లాడే మనిషి కావాలి. మా కుర్రాడొకడికి మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైన్, టెలీ మానస్ 14416, నేనే కలిపిచ్చాను, ఉచితం, తెలుగులోనే మాట్లాడారు. వాడికి అదే పనిచేసింది.

కూర్మన్నపాలెం గృహిణి:
అన్నయ్య గారూ, మా ఆయన తాగడం మొదలుపెట్టిందే పగలు నిద్రపట్టక. రేకుల ఇల్లు, మే నెల ఉక్కపోత, పక్కింట్లో టీవీ, పది గంటలకి పడుకోమంటే ఎలా పడుకుంటారు? రేపు ఏ షిఫ్టో ఈ రాత్రి ఫోన్లో చెప్పేవారు, అందుకని బంధువుల పెళ్లికి కూడా వస్తామని మాటివ్వలేకపోయేవాళ్లం. ఇప్పుడు కొత్త సూపర్‌వైజర్ వారం ముందే చెప్తున్నారు, నైట్లు వరసగా మూడు దాటనివ్వడం లేదు. తాగుడు మానలేదు, అబద్ధమెందుకు, తగ్గింది. సాయంత్రం పాప పుస్తకాలు తీసి చూస్తున్నారు.

గాజువాక ఆపరేటర్:
అన్నా, కౌన్సెలింగ్ వద్దని నేననలేదు. అవసరమైతే విశాఖ చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి నేనే తీసుకెళ్తా. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా మనిషికి సాయం చేయడంతో పాటు పని పద్ధతి మార్చడం, మేనేజర్లకి శిక్షణ ఇవ్వడం ఉన్నాయి. మనవాళ్లు మొదటిదే పట్టుకుంటున్నారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఐదు గంటలు దాటకముందే అరగంట విరామం ఇవ్వాలనేది. 2025 జూన్‌లో మన ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజు పని పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచడానికి ఒప్పుకుంది. గంట పెరుగుతున్నప్పుడు విశ్రాంతి గురించి అడగకపోతే ఇంకెప్పుడు అడుగుతాం? మా లైన్లో నైట్ చివరి రెండు గంటల్లోనే రిజెక్షన్, అంటే పనికిరాదని పక్కన పెట్టే సరుకు, ఎక్కువ, చేత్తో చేసేవాణ్ణి కాబట్టి తెలుసు. మీ దగ్గరా లెక్క తీసి చూడండి. వచ్చే వారం చార్టు శనివారం గోడకి అంటించగలరా, చెప్పండి.

ఆటోనగర్ యూనిట్ ఓనర్:
వారం మాట ఇవ్వలేను, తప్పితే మీరే నిలదీస్తారు. మూడు రోజుల ముందైతే చెప్పగలను. నైట్ రిజెక్షన్ విడిగా ఎప్పుడూ రాయలేదు, ఈ నెల రాయిస్తాను.