రొయ్యల ప్లాంటులో ఈటీపీ కెమిస్టు పని పర్యావరణ ఉద్యోగమేనా?

ముమ్మిడివరం అమ్మాయి: ఎన్విరాన్‌మెంటల్ సైన్సులో ఎమ్మెస్సీ ఈ ఏడాదే అయిందండి. రెండు అవకాశాలున్నాయి. భీమవరం వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఈటీపీ (మురికినీళ్లు శుద్ధి చేసే విభాగం) కెమిస్టు, నెలకి 22 వేలు. కోరంగి మడ అడవుల్లో ఓ స్వచ్ఛంద సంస్థ ప్రాజెక్టు, 12 వేలు, రెండేళ్లే. ఇంట్లో ప్లాంటుకి వెళ్లమంటున్నారు. నా మనసు మడ అడవుల మీదుంది. ఏం చెయ్యమంటారు?

దాళ్వా రాజు: మొదటిది పర్యావరణ ఉద్యోగం కాదమ్మా, మురికినీళ్లకి మంచి కాగితం రాసిచ్చే ఉద్యోగం. మా పక్క చేలో వనామీ రొయ్యల చెరువు తవ్వారు. గట్టు వెంట ఊటకాలవ తియ్యలేదు. ఉప్పు ఊటెక్కి మా ఎకరన్నర దాళ్వా వరి పిలక వెయ్యకుండానే ఆకు కొనలు మాడిపోయాయి. ఫిర్యాదు పెడితే అధికారులు ఎప్పుడొచ్చారూ? రొయ్యల పట్టుబడి అయిపోయి, నీళ్లు డ్రెయిన్లోకి వదిలేశాక. సీసాడు నీళ్లు పట్టుకెళ్లారు. బీవోడీ, అంటే మురికి కుళ్లడానికి నీళ్లలో ఆక్సిజన్ ఎంత లాగేస్తుందో ఆ లెక్క, పరిమితిలోనే ఉందని కాగితం వచ్చింది.

ల్యాబ్ మాస్టారు: రాజుగారూ, ఉప్పుకీ బీవోడీకీ సంబంధమేంటండి? ఉప్పు తేలాలంటే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క), క్లోరైడు చూడాలి. పైగా మీది చెరువు గొడవ, ఈవిడ అడిగింది ప్లాంటు సంగతి. రొయ్య తలలు ఒలిచి కడిగిన నీళ్లలో బీవోడీ వందల్లో ఉంటుంది, వేలు దాటిన రోజులూ ఉంటాయి. కాలవలోకి వదిలేముందు దాన్ని లీటరుకి 30 మిల్లీగ్రాములకి దించాలి. దించేవాడు పర్యావరణ ఉద్యోగి కాకపోతే ఇంకెవడు?

అమ్మాయ్, అక్కడ నేర్చుకునే పని ఏ క్లాసులోనూ చెప్పరు. గాలి ఊది సూక్ష్మజీవులతో మురికి తినిపించే ఏరేషన్ ట్యాంకు నీళ్లు లీటరు కొలజాడీలో పోసి అరగంట కదపకుండా ఉంచి, బురద ఎంత కిందికి దిగిందో చూడాలి. దిగకుండా దూదిలా తేలుతోందంటే ట్యాంకులో సూక్ష్మజీవులు దెబ్బతిన్నట్టే. ఆ చూపు వచ్చినవాళ్లని మందుల కంపెనీలు కూడా పిలిచి తీసుకుంటాయి.

దాళ్వా రాజు: బీవోడీకి అయిదు రోజులు పడుతుందని మా అబ్బాయి పుస్తకంలో ఉంది. మాకు నాలుగో రోజుకే కాగితం వచ్చేసింది. ఎలా వచ్చిందండీ?

ల్యాబ్ మాస్టారు: 20 డిగ్రీల దగ్గరైతే అయిదు రోజులు. మన దేశంలో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులుంచి చూస్తారు. నాలుగో రోజుకి రావడంలో తప్పేం లేదు.

దాళ్వా రాజు: మూడో అయిదో, నా చేను మాడిందా లేదా?

కోనసీమ కుర్రాడు: ఆయ్, అమ్మాయి ఉద్యోగం గురించి అడిగితే తవరిద్దరూ సీసా దగ్గరే ఆగిపోయారేటండి.

పోటు పాటు: కోరంగిలో పనిచేసిన అనుభవంతో చెప్తున్నా. 1978లోనే అభయారణ్యం చేశారు, పేరు గొప్పదే. కానీ పడవలో తిరుగుతూ బావురు పిల్లుల ఫోటోలు తీసుకోవచ్చు అనుకుని రాకండి. బురదలో దిగి చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వించాలి, పోటు నీళ్లు చివరిదాకా వెళ్తున్నాయో లేదో చూసుకోవాలి. నీరు ఆడనిచోట ఉప్పు పేరుకుని మొక్క బతకదు. పూడిపోతే మళ్లీ తవ్వాలి. ప్రాజెక్టు డబ్బులు ఆగిపోయాక తవ్వేదెవరు? ఇప్పుడు బ్యాంకులో ఉన్నా.

గౌతమి: కాలుష్య నియంత్రణ మండలి పరీక్ష రాయొచ్చుగా?

పోటు పాటు: ఇంజనీరు పోస్టుకి బీటెక్ అడుగుతారండి. ఎమ్మెస్సీ వాళ్లు ఎనలిస్టు పోస్టులు పడేదాకా చూడాలి.

దాళ్వా రాజు: మాస్టారు అసలు సంగతి దాటేస్తున్నారు. ఇలాంటి కాగితాల మీద తమరెన్ని సంతకాలు పెట్టారో చెప్పండి ముందు.

ల్యాబ్ మాస్టారు: నా సంతకం దాకా వచ్చారు గనక వినండి. నేను చేసినచోట కరెంటు మిగుల్తుందని రాత్రిపూట ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయర్లు కట్టేసేవారు. తెల్లారేసరికి ట్యాంకు కుళ్లు కోడిగుడ్డు కంపు. నడిచినట్టు లాగ్‌బుక్కులో రాయమన్నారు. రాయనన్నా. పొమ్మన్నారు. నా వెనకాల వచ్చినవాడు రాశాడు. అందుకే చెప్తున్నా, ఆ కుర్చీ ఖాళీగా ఉండదు. పని తెలిసిన పిల్ల కూర్చోకపోతే రాసేవాడు కూర్చుంటాడు.

దాళ్వా రాజు: మిమ్మల్ని పొమ్మన్నవాళ్లు ఆ పిల్లని ఉండమంటారా? జీతం వాళ్లిస్తున్నంతకాలం ఎవరు కూర్చున్నా ఒకటే. నీళ్లు పరీక్ష చేసే మనిషి ప్లాంటు గేటు బయట ఉండాలి.

ల్యాబ్ మాస్టారు: బయట జీతం ఎవరిస్తారండీ, మీరిస్తారా?

దాళ్వా రాజు: ఎకరాకింతని వేసుకుందామని ఓసారి అనుకున్నాం. అప్పటికే ఊళ్లో సగంమంది చేలు చెరువులకి లీజుకిచ్చేశారు. మా తమ్ముడూ ఇచ్చాడు.

ఆకివీడు బాబాయ్: 2006లో కొల్లేటి సరస్సులో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. మళ్లీ లేచాయి. లీజు డబ్బుల ముందు ఏ రిపోర్టు నిలబడుద్దండి.

ముమ్మిడివరం అమ్మాయి: ప్లాంటు చూడ్డానికి సోమవారం రమ్మన్నారు. అక్కడ ఏం అడగాలో చెప్పండి చాలు.

ల్యాబ్ మాస్టారు: ఈటీపీకి విడిగా కరెంటు మీటరుందా అని అడుగు తల్లీ. ఉంటే బ్లోయర్లు నడిచాయని రాసిన గంటలకీ మీటరు రీడింగుకీ పొంతన కుదురుతుందో లేదో చూడు. లాగ్‌బుక్కు చూపించకపోతే ఇంటికొచ్చెయ్.

దాళ్వా రాజు: నీళ్లు ఏ డ్రెయిన్లోకి వదుల్తారో కూడా అడుగమ్మా. 2016లో తుందుర్రు జనం ఆక్వా ఫుడ్ పార్కు వద్దని రోడ్డెక్కింది గొంతేరు డ్రెయిన్ పాడైపోతుందనే. మాస్టారూ, ఆ క్లోరైడు పరీక్షకి నీళ్లు ఎంత పట్టాలండి?

ల్యాబ్ మాస్టారు: లీటరు చాలు. శుభ్రమైన సీసాలో, ఆ నీళ్లతోనే రెండుసార్లు తొలిచి పట్టండి.