టర్బో ఎక్కించిన పాత జిప్సీ ఇంజన్‌కి ఏ ఇగ్నిషన్ కాయిళ్లు వెయ్యాలి?

పాలకొల్లు నుంచి – ప్రశ్న

అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పాత జిప్సీ ఇంజన్, 1298 సీసీ, ఎనిమిది వాల్వులది, రెండేళ్లుగా మా షెడ్డులో కట్టుకుంటున్నాను. కార్బురేటర్ తీసేసి ఇంజెక్షన్ పెట్టాను. స్పీడ్యూనో ఈసీయూ (పెట్రోల్, స్పార్క్ నడిపే చిన్న కంప్యూటర్), క్రాంక్ పుల్లీకి 36-1 పళ్ల చక్రం (36 పళ్లలో ఒకటి లేనిది, క్రాంక్ ఎక్కడుందో ఈసీయూకి తెలియడానికి), ఒక డీజిల్ కారు నుంచి తీసిన చిన్న టర్బో. రోడ్డు మీద తిప్పడానికి కాదండి, ఆటోక్రాస్ కోసం. బండిని సొంతంగా మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సంగతి తెలుసు, బండిని ట్రాలీ మీదే తీసుకెళ్తాను.

0.4 బార్ బూస్ట్ (టర్బో తోసే అదనపు గాలి ఒత్తిడి) దాకా శుభ్రంగా లాగుతుంది. 0.5 దాటి 4500 ఆర్‌పీఎం వచ్చేసరికి పటపటమని మిస్సింగ్. కాలు తీస్తే మళ్లీ మామూలే. పెట్రోల్ ప్రెషర్ పడిపోవడం లేదు. సైలెన్సర్ గొట్టంలో పెట్టిన వైడ్‌బ్యాండ్ మీటర్ మాత్రం సరిగ్గా ఆ క్షణంలో లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) చూపిస్తోంది. పెట్రోల్ పెంచాను, ఇంకా ఎక్కువైంది.

స్పార్క్ ఇప్పటికీ పాత డిస్ట్రిబ్యూటర్ (కాయిల్ కరెంటుని వంతులవారీగా నాలుగు ప్లగ్గులకీ పంచేది), ఒకే కాయిల్‌తోనే. పోయిన వారం రాత్రి ముసురు పడుతుంటే బానెట్ ఎత్తి, షెడ్డులో లైటు ఆర్పేసి చూశాను. మూడో ప్లగ్గు వైరు మీద నీలం దారం లాంటిది చిటచిటమంటూ పాకి, పక్కనున్న బ్రాకెట్‌లోకి దిగిపోతోంది. కాసేపు అలా చూస్తూ నిలబడిపోయాను. మర్నాడే వైర్లు కొత్తవి వేశాను. నీలం దారం పోయింది, మిస్సింగ్ పోలేదు.

అంతకుముందు ఆన్‌లైన్‌లో డబ్బా మీద 60,000 వోల్టులు అని రాసున్న కాయిల్ ఒకటి తెప్పించాను. పన్నెండో రోజుకి అడుగు నుంచి నల్లటి తారు కారి చచ్చిపోయింది. అమ్మినవాళ్లు ఫోనెత్తలేదు. నాన్నగారి దగ్గర అడిగి పెట్టిన డబ్బులండి అవి, అందుకే ఈసారి తెలుసుకుని కొనాలని అడుగుతున్నాను.

నా ముందున్నవి రెండు. విజయవాడ ఆటోనగర్‌లో టయోటా కార్ల నుంచి తీసిన డెన్సో కాయిళ్లు నాలుగు ఉన్నాయన్నారు. లేకపోతే అమెరికా జీఎం కంపెనీ ఎల్ఎస్ అనే ఇంజన్ల ట్రక్కు కాయిళ్లు బయటి నుంచి తెప్పించుకోవాలి. ముందుముందు 1 బార్ దాకా వెళ్లాలని ఉంది. ఏది మంచిదంటారు?

అమలాపురం నుంచి, ఆటో ఎలక్ట్రీషియన్ – జవాబు

తమ్ముడూ, డబ్బా మీద వోల్టులు చూసి కాయిల్ కొనకు. ఎంత పెద్ద కాయిలైనా ప్లగ్గు కొసల మధ్య గ్యాపు దూకడానికి ఎంత కావాలో అంతవరకే ఎక్కి దూకేస్తుంది. సిలిండర్లో ఒత్తిడి పెరిగితే అదే గ్యాపుకి ఎక్కువ వోల్టేజి కావాలి. 0.4 దగ్గర దూకినది 0.5 దగ్గర దూకలేకపోవడం అందుకే. నీ ప్లగ్గుల గ్యాపు ఎంతుందో ఎక్కడా రాయలేదు. కొత్త ప్లగ్గులు డబ్బాలోంచి తీసి అలాగే బిగించేశావా? ముందు ఫీలర్ గేజి పెట్టి చూడు.

ఇక లెక్క చూద్దాం. నాలుగు సిలిండర్లకీ ఒకే కాయిలంటే, 6500 దగ్గర నిమిషానికి 13,000 స్పార్కులు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 4.6 మిల్లీసెకన్లే. స్పార్క్ మండే టైము ఒకటీ ఒకటిన్నరా తీసేస్తే, కాయిల్ నిండటానికి మిగిలేది మూడు. నీ పాత కాయిల్‌కి అది చాలకపోవచ్చు. కుళాయి కింద బిందె నిండకుండానే లాగేస్తున్నట్టు. పైగా కాయిల్లో దాచుకునే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. కరెంటు ముప్పావు వంతే ఎక్కిందనుకో, శక్తి సగానికి కాస్త పైన మాత్రమే మిగులుతుంది. సిలిండర్‌కో కాయిల్ వేస్తే అదే 6500 దగ్గర ఒక్కోదానికి 18 మిల్లీసెకన్ల పైన దొరుకుతుంది. క్యామ్ సెన్సర్ (ఏ సిలిండర్ వంతో ఈసీయూకి చెప్పేది) లేదనుకో, 1-4, 2-3 జతలుగా వేస్టెడ్ స్పార్క్ (జతలో రెండింటికీ ఒకేసారి, ఒకటి వృథాగా) కొట్టించు. అప్పుడు కూడా 9 పైనే ఉంటుంది, దండి.

డెన్సో కాయిళ్లు మంచివే. నాలుగు పిన్నులు: పన్నెండు వోల్టులు, ఎర్తు, ట్రిగ్గర్, స్పార్క్ పడిందని తిరిగి చెప్పే వైరు. కానీ అవి లోతు గొట్టంలో ప్లగ్గు మీద నిలబడేలా చేసినవి. నీ హెడ్డుకి ప్లగ్గులు పక్కన బయటికే ఉంటాయి కదా, అక్కడ అవి వేలాడతాయి. గతుకుల్లో ఒక్క రోజు నిలవవు. నేనైతే ఎల్ఎస్ రకమే వేస్తాను. ఇగ్నైటర్ (కాయిల్ కరెంటుని కలిపి తెంపే స్విచ్చు) లోపలే ఉంటుంది, బ్రాకెట్‌కి బిగించి జానెడు వైరుతో ప్లగ్గుకి కలపొచ్చు. 0.7 బార్ దగ్గర ఆగిపోతానంటే మాత్రం అంత ఖర్చు వద్దు. ఇగ్నైటర్ లోపలున్న నాలుగు టవర్ల కాయిల్ ప్యాక్ చాలు.

ఇంకోటి. ఇంజన్ నడుస్తుండగా కాయిల్ ప్లస్ దగ్గర మీటరు పెట్టి, బ్యాటరీ దగ్గరున్న దానితో పోల్చి చూడు. ముప్పై ఏళ్లలో నా దగ్గరికి కాయిల్ పోయిందని తెచ్చిన బళ్లలో చాలావాటికి పోయింది కాయిల్ కాదు, దానికి వెళ్లే వైరు. సముద్రం ఒడ్డున అంతర్వేది వైపు నుంచి వచ్చే బళ్ల కనెక్టర్లు విప్పితే లోపల పచ్చగా చిలుము ఉంటుంది.

తణుకు నుంచి – జవాబు

ఆ లీన్ రీడింగ్‌ని నమ్మకండి. స్పార్క్ పడకపోతే ఆ సిలిండర్లో గాలి మండకుండా అలాగే సైలెన్సర్లోకి పోతుంది. సెన్సర్ చూసేది ఆక్సిజన్‌ని కాబట్టి లీన్ అంటుంది. మీరు పెట్రోల్ పెంచితే ప్లగ్గు తడిసి ఇంకా మిస్సవుతుంది. పెంచినది వెనక్కి తీసెయ్యండి. ప్లగ్గు ఎన్‌జీకే అయితే 6 నంబరు నుంచి 7కి వెళ్లండి, బూస్ట్‌కి ఒక మెట్టు చల్లటిది (వేడి త్వరగా వదిలేది) మేలు. రెసిస్టర్ రకమే తీసుకోండి, లేకపోతే ఆ నాయిస్‌కి క్రాంక్ సెన్సర్ సిగ్నల్ చెడుతుంది.

రాజమండ్రి నుంచి – జవాబు

స్మార్ట్ కాయిళ్లు (ఇగ్నైటర్ లోపలున్నవి) కొంటే ఒక్క మాట. వైర్లు కలిపే ముందే ట్యూనర్‌స్టూడియోలో (ఈసీయూ సెట్టింగులు మార్చే సాఫ్ట్‌వేర్) స్పార్క్ అవుట్‌పుట్ సెట్టింగ్ రెండుసార్లు చూసుకోండి. అది తిరగబడితే తాళం తిప్పగానే కాయిల్ నిండుతూనే ఉంటుంది, చేత్తో పట్టుకోలేనంత వేడెక్కిపోతుంది. నావి రెండు అలాగే పోయాయి, ఇంజన్ స్టార్ట్ కూడా అవ్వలేదు. డ్వెల్ (కాయిల్ నింపే టైము) 3 మిల్లీసెకన్లతో మొదలెట్టి మెల్లగా పెంచండి. కొన్ని కాయిళ్లు మరీ ఎక్కువ నింపితే వాటంతటవే స్పార్క్ వదిలేస్తాయి. టర్బో ఇంజన్లో ఆ స్పార్క్ ముందుగా పడితే పిస్టన్ పోతుంది. బ్యాటరీ వోల్టేజిని బట్టి డ్వెల్ మార్చే పట్టిక కూడా నింపాలి. స్టార్టర్ తిరిగేటప్పుడు 10 వోల్టులకి పడిపోతుంది కదా, అప్పుడు ఎక్కువ సేపు కావాలి.

పాలకొల్లు నుంచి – మళ్లీ నేనే

అమలాపురం అన్నయ్యగారూ, మీకు చాలా రుణపడ్డానండి. మీరన్నట్టే డబ్బాలోంచి తీసి అలాగే బిగించేశాను. గేజి పెడితే 1.1 మిల్లీమీటర్లు! నాలుగూ 0.65కి కొట్టాను. బ్యాటరీ దగ్గర 14.1, కాయిల్ ప్లస్ దగ్గర 12.2. పాత తాళం స్విచ్చు నుంచి వస్తున్న వైరే దానికి ఇన్నాళ్లూ కరెంటు ఇస్తోంది. బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, ఫ్యూజు, రిలే పెట్టి, ఎర్తు హెడ్డుకే బిగించాను. ఇప్పుడు 13.9.

నిన్న సాయంత్రం మా కొబ్బరితోట బాటలో లాగి చూశాను. 0.5 దగ్గర చుక్క మిస్సింగ్ లేదు. 0.7 దగ్గర, 5800 పైన మళ్లీ మొదలైంది. ఈసీయూ రికార్డు చేసిన లాగ్ చూస్తే డ్వెల్ అక్కడ 2.6 మిల్లీసెకన్లకి పడిపోతోంది, మీ లెక్క కళ్ల ముందు కనపడింది. కాబట్టి ఎల్ఎస్ రకానికే ఆర్డర్ పెట్టేశాను. డిస్ట్రిబ్యూటర్ లోపల రోటార్ తీసేసి ఆ బాడీనే క్యామ్ సెన్సర్‌గా వాడుకుంటాను. అది కుదిరేదాకా వేస్టెడ్ స్పార్కే.

బ్రాకెట్ టర్బో లేని పక్క, ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) మీద పెడదామనుకున్నాను. అక్కణ్ణుంచి ఒకటో ప్లగ్గుకి వైరు మూరన్నర అవుతోంది. వాల్వ్ కవర్ మీదైతే జానెడు చాలు, కానీ టర్బో వేడి తగులుతుంది. మధ్యలో రేకు అడ్డం పెడితే సరిపోతుందంటారా?