90 శాతం పట్టే మోడల్ ఆపినవాటిలో ఎక్కువ మంచి బిల్లులే ఎందుకుంటున్నాయి?

సందేహి:
బిల్లుల్లో మోసం పట్టే కంప్యూటర్ మోడల్ ఒకటి ఉంది. తప్పుడువాటిలో 90 శాతం పట్టుకుంటుంది, మంచివాటిలో 5 శాతాన్ని మాత్రమే పొరపాటున ఆపుతుంది. కానీ ఆపినవాటిని తెరిచి చూస్తే చాలావరకు సవ్యమైనవే. మోడల్‌లో లోపమా? పైగా తనిఖీ చేసేవాళ్లు దాని స్కోరు (మోసమయ్యే అవకాశంపై అది 0 నుంచి 1 మధ్య ఇచ్చే అంకె) చూసి తలూపేస్తారు. అలాంటప్పుడు మధ్యలో మనిషెందుకు?

లెక్కలపద్దు:
లోపమేమీ లేదండి. శాతాలు పక్కనపెట్టి బిల్లులు లెక్కపెట్టండి. 10,000 బిల్లుల్లో నూటికొకటి మోసం అనుకుంటే 100. వాటిలో 90 దొరుకుతాయి. మంచివి 9,900, అందులో 5 శాతం అంటే 495 ఊరికే ఆగుతాయి. ఆగినవి మొత్తం 585, అసలు దొంగలు 90. నూటికి 15 చిల్లర, అంతే. మోసం ఎంత అరుదైతే ఈ అంకె అంత పడిపోతుంది.

కటాఫ్, అంటే ఏ గీత దాటితే బిల్లు తెరవాలన్నది, ఎక్కడ పెట్టాలో మోడల్ చెప్పదు, నష్టం చెబుతుంది. ఒక మోసం వదిలేస్తే పోయేది, ఒక మంచి బిల్లును అనవసరంగా తనిఖీ చేసే ఖర్చుకు 19 రెట్లనుకోండి. అప్పుడు మోసమయ్యే అవకాశం 5 శాతం దాటిన ప్రతి బిల్లూ తెరవాల్సిందే.

కొలబద్ద:
పై లెక్కలో "అవకాశం" అన్నచోట స్కోరును నేరుగా పెట్టకండి, బోల్తా పడతారు. మోసాలు అరుదు కాబట్టి శిక్షణలో సగం మోసం, సగం మంచివి కలపడం మామూలే. అలా నేర్చిన మోడల్ 0.9 ఇచ్చిందంటే మోసం 9, మంచిది 1 అన్న పందెం. బయట మోసం 1, మంచివి 99. కాబట్టి 9ని 99తో భాగించాలి: మోసం 1, మంచివి 11, అంటే పన్నెండింట ఒకటి, 8 శాతం పైచిలుకు. తొంభై ఎక్కడ, ఎనిమిది ఎక్కడ!

సరిదిద్దాక కూడా నమ్మేయకండి. 0.1 నుంచి 0.2 మధ్య వచ్చినవన్నీ ఒకచోట చేర్చి, నిజంగా ఎన్ని మోసాలో చూడండి. నూటికి పది, ఇరవై మధ్య లేకపోతే కాలిబ్రేషన్ (చెప్పిన అవకాశం, నిజంగా జరిగేది సరిపోలడం) చెడినట్టే.

రెండోచూపు:
తలూపడం సంగతి. యంత్రం చెప్పిందే సరైనదని ఒప్పేసుకునే ఈ ధోరణిని ఆటోమేషన్ బయస్ అంటారు, "జాగ్రత్తగా చూడండి" అని మెయిల్ పెడితే పోదు. స్క్రీన్ క్రమం మార్చాలి. ముందు తనిఖీదారు తన తీర్పు, ఒక్క వాక్యంలో కారణం నమోదు చేయాలి. ఆ తర్వాతే స్కోరు కనబడాలి. తీర్పు మార్చుకుంటే అదీ లాగ్‌లో పడాలి: ఒప్పు నుంచి తప్పుకు ఎన్ని, తప్పు నుంచి ఒప్పుకు ఎన్ని.

మోడల్ ఆపని బిల్లుల్లోంచి కొన్ని లాటరీ తీసినట్టు తీసి, తెలిసిన మోసాలు కొన్ని కలిపి క్యూలో వేయండి. ఆపినవే తెరుస్తూ పోతే, జారిపోయినవి ఎన్నో ఎప్పటికీ తెలియదు.

సందేహి:
అయితే చివరి మాట మనిషిదేనా?

లెక్కలపద్దు:
ప్రతిసారీ కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ మీల్ 1954లోనే లేవనెత్తిన వాదన ఇది: వారం వారం సినిమాకు వెళ్లేవాడు ఈసారీ వెళ్తాడని సూత్రం చెబుతుంది, కానీ వాడి కాలు విరిగిందని మనకు తెలిస్తే సూత్రాన్ని పక్కనపెట్టొచ్చు. చిక్కేమిటంటే, మనుషులకు ప్రతి కేసులోనూ విరిగిన కాలే కనిపిస్తుంది. అందుకని మోడల్‌ను కాదనే ఫారంలో ఒకే గడి పెట్టండి: "మోడల్‌కు అందని ఏ సమాచారం నా దగ్గరుంది?" అక్కడ "తేడాగా అనిపించింది" అని రాస్తే ఫారం వెనక్కి పంపండి.