డిజైన్ ప్రాజెక్టులో వ్యర్థాల లెక్క ఎలా నేర్పాలి?

ప్రశ్న: కాకినాడలో బయోకెమికల్ ఇంజనీరింగ్ చివరి ఏడాది పిల్లలకు ప్రాసెస్ డిజైన్ చెబుతున్నాను. మొలాసిస్ (చక్కెర మిల్లులో మిగిలే మడ్డి) నుంచి ఇథనాల్ తీసే ప్లాంట్ ఇస్తే దిగుబడి, డిస్టిలేషన్ కాలమ్ సైజు చక్కగా తేలుస్తారు. స్పెంట్ వాష్ (ఆల్కహాల్ తీశాక మిగిలే మురుగునీరు) ఎక్కడికి పోతుందంటే మాత్రం బాణం గీసి ‘ఈటీపీకి’ (మురుగు శుద్ధి ప్లాంట్‌కి) అని రాసేస్తారు. వైవాలో టీమ్ తరఫున ఒక్కరే మాట్లాడతారు, మిగతావాళ్లకు టెన్షన్. మీరెలా చేయిస్తున్నారు?

జవాబు: మేడమ్, మాస్ బ్యాలెన్స్‌తోనే, అంటే లోపలికెళ్లిన పదార్థమంతా ఎటు పోయిందన్న లెక్కతోనే మొదలుపెట్టండి. కిలో గ్లూకోజ్ నుంచి సిద్ధాంతపరంగా వచ్చే ఇథనాల్ 0.51 కిలోలే, మిగతాది కార్బన్ డయాక్సైడ్. లీటరు ఆల్కహాల్‌కు సుమారు 8 నుంచి 15 లీటర్ల స్పెంట్ వాష్ వస్తుంది. ఆ మురుగును ట్యాంకర్ల లెక్కలో చెప్పించండి. బయోగ్యాస్ తీయాలా, చిక్కబరిచి బాయిలర్‌లో కాల్చాలా అన్నది ఆవిరి ఖర్చుతో సహా వాళ్లే తేల్చాలి. రెండోదానికి ఆవిరి చాలా పడుతుంది, చర్చ అక్కడే వేడెక్కుతుంది.

జవాబు: నేను డిస్టిలరీలో పనిచేశాను. కొత్తగా చేరేవాళ్లకు లెక్కలు వస్తాయి, ఆపరేటర్‌తో మాట్లాడటం రాదు. షిఫ్ట్ హ్యాండోవర్ నోట్ (తర్వాతి షిఫ్ట్‌వాళ్లకు పని అప్పగిస్తూ రాసే నోట్) రాయించండి. వాసన ఎందుకొస్తోందో ఊరివాళ్లకు తెలుగులో వివరించమనండి. ఎవరు మాట్లాడాలో చీటీ తీసి అప్పటికప్పుడు చెప్పండి.

ప్రశ్న అడిగినవారు: చీటీ పద్ధతి ఈ సెమిస్టర్‌లోనే పెడతాను. హ్యాండోవర్ నోట్‌కు మార్కులు టీమ్‌కా, విడివిడిగానా?

జవాబు: విడివిడిగానే అండీ. ప్లాంట్‌లో సంతకం ఒక్కరిదే ఉంటుంది.