బేకన్ తిరుగుబాటు: అసలు ఎవరు ఎవరి మీద తిరగబడ్డారు?

సగంచదువు:
1676లో, అమెరికాలో ఇంగ్లీషువాళ్ల వలస రాజ్యమైన వర్జీనియాలో జరిగిన బేకన్ తిరుగుబాటు గురించి చదువుతున్నాను. ఒకాయన తిరుగుబాటు నాయకుడు నథానియల్ బేకన్‌ని జార్జి వాషింగ్టన్ కంటే ముందే పుట్టిన స్వాతంత్ర్య వీరుణ్ణి చేసేశాడు. ఇంకొకాయన ప్రకారం అతను ఆదివాసులను ఊచకోత కోసిన రౌడీ. మూడో ఆయనేమో తెల్ల కూలీలు, నల్ల బానిసలు చెయ్యి కలిపి పోరాడారని, ఆ భయంతోనే దొరలు బానిసత్వాన్ని బిగించారని అంటున్నాడు. మూడూ ఒకే మనిషి గురించేనా? ఏది నమ్మాలి?

పాతకాగితం:
ఒకే మనిషి గురించే. ముందు ఒక సంగతి, బేకన్ పేదవాడు కాదు. కేంబ్రిడ్జిలో చదివాడు, 1674లో డబ్బుతో వచ్చి జేమ్స్ నది ఒడ్డున ఎస్టేట్ కొన్నాడు. గవర్నర్ విలియం బర్క్‌లీ భార్యకు చుట్టం. ఆ చుట్టరికంతోనే వచ్చీ రాగానే గవర్నర్ కౌన్సిల్‌లో సీటు దొరికింది. ఇలాంటివాడిని పేదల నాయకుడంటే నాకు నవ్వొస్తుంది.

పేదల కోపం మాత్రం నిజం. పొగాకు ధర పడిపోయింది, పన్నులు తగ్గలేదు. ఓడ ఖర్చుకి బదులుగా నాలుగు నుంచి ఏడేళ్లు చాకిరీ చేసి బయటపడ్డ ఒప్పంద కూలీకి నది పక్కన మంచి భూమి మిగల్లేదు. అదంతా ముందే పెద్దల చేతుల్లోకి పోయింది. పైగా 1670లో భూమీ ఇల్లూ లేనివాళ్లకు ఓటు తీసేశారు. బర్క్‌లీ పద్నాలుగేళ్లు కొత్త ఎన్నికలే పెట్టలేదు. ఇక మిగిలింది సరిహద్దు భూమి. అక్కడ ఆదివాసులు ఉన్నారు.

1675లో సరిహద్దులో దాడులు, ప్రతిదాడులు మొదలయ్యాయి. బర్క్‌లీ నదుల ఎగువన కోటలు కడతానన్నాడు. జనానికి అది ఇంకో పన్నులా కనిపించింది. బేకన్ గవర్నర్ అనుమతి లేకుండానే జనాన్ని పోగేసి బయలుదేరాడు.

వీరుడనేవాళ్లు ఇక్కడే పేజీ తిప్పేస్తారు. 1676 మే నెలలో అతను ఆకనీచీ తెగ దగ్గరికి వెళ్లాడు. వాళ్లు ఇతని తరఫున సస్క్వెహానాక్ అనే ఇంకో తెగతో పోరాడి గెలిచారు. తర్వాత బందీల మీద, బీవర్ అనే జంతువు తోళ్ల మీద తగాదా వచ్చింది. బేకన్ మనుషులు ఆ సాయం చేసినవాళ్లనే చంపారు. ఆ తర్వాత పమంకీ తెగ మీద పడ్డారు. వాళ్లకు ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం ఉంది, వాళ్ల రాణి కాకకోస్కే అడవిలోకి పారిపోవాల్సి వచ్చింది. జులైలో బేకన్ విడుదల చేసిన ప్రకటన చూడండి. అన్యాయపు పన్నులు, గవర్నర్ ఆశ్రితుల గురించి ఉంది. అలాగే, గవర్నర్ ఆదివాసులను కాపాడుతున్నాడన్నది కూడా అతని మీద మోపిన నేరమే!

సెప్టెంబరులో బేకన్ మనుషులు రాజధాని జేమ్స్‌టౌన్‌ని తగలబెట్టారు. అక్టోబరులో బేకన్ రక్త విరేచనాలతో పోయాడు. అప్పటికి పారిపోయి ఉన్న బర్క్‌లీ తిరిగొచ్చి ఇరవై మందికి పైగా ఉరి తీయించాడు.

సగంచదువు:
మరి తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిశారన్నది కట్టుకథా?

పాతకాగితం:
కాదు. రెండు పక్షాలూ ఎదుటివాడి పనివాళ్లకు స్వేచ్ఛ ఇస్తామని ఆశ పెట్టాయి, తమ వాళ్లకు కాదు. బేకన్ పోయాక థామస్ గ్రాంథమ్ అనే ఓడ కెప్టెన్ మిగిలినవాళ్లతో మాట్లాడి చాలామందిని ఇళ్లకు పంపాడు. చివరిదాకా ఆయుధాలు దించనిది ఎనభై మంది దాకా నల్లవాళ్లు, ఇరవై మంది ఇంగ్లీషు కూలీలు. వాళ్లకూ స్వేచ్ఛ మాట ఇచ్చి పడవ ఎక్కించి, నది మధ్యలో ఫిరంగులు చూపించి యజమానులకు అప్పగించాడు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో స్వేచ్ఛ కోసమే పోరాడినవాళ్లు ఆ నూరు మందే. వాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

తేదీలుముఖ్యం:
"ఆ భయంతోనే బానిసత్వం" అన్న మాటకి నా అభ్యంతరం. తల్లి బానిసైతే బిడ్డా బానిసే అన్న చట్టం 1662ది. బాప్టిజం తీసుకున్నా విడుదల లేదన్నది 1667ది. శిక్షించేటప్పుడు బానిస చచ్చిపోతే యజమానిది నేరం కాదన్నది 1669ది. అన్నీ బేకన్ కంటే ముందువే. తర్వాత ఇంగ్లండ్ నుంచి వచ్చే కూలీలు తగ్గారు, ఆఫ్రికా నుంచి బానిసల ఓడలు పెరిగాయి. కారణాల్లో ఈ లెక్క పెద్దది.

పాతకాగితం:
తేదీలు ఒప్పుకుంటాను. కానీ వర్జీనియా 1705 చట్టం చదివితే, తెల్ల కూలీలూ నల్ల బానిసలూ మళ్లీ కలుస్తారన్న భయం కూడా కనిపిస్తుంది. గడువు తీరిన తెల్ల కూలీకి యజమాని పది బుషెళ్ల మొక్కజొన్న, ముప్పై షిల్లింగులు, ఒక తుపాకీ ఇవ్వాలి. జడ్జి ఆజ్ఞ లేకుండా అతన్ని బట్టలిప్పి కొరడాతో కొట్టకూడదు. అదే చట్టంలో, బానిసల దగ్గరున్న గుర్రాలు, పశువులు, పందులు లాక్కుని అమ్మి, ఆ డబ్బు చర్చి పరిధిలోని పేదలకు ఖర్చు పెట్టమన్నారు.